ఎడమ చేతి పక్క లోయ

సైకిల్ దిగేటప్పుడు చాలామంది ఎడమ కాలే ముందు నేల మీద పెడతారు. స్టాండు అటువైపే ఉంటుంది, చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. బొలీవియాలో లా కుంబ్రే కనుమ దగ్గర గైడ్లు ముందుగా మాన్పించేది ఈ అలవాటునే. అక్కడి నుంచి దిగే పాత యుంగాస్ రోడ్డు మీద సైకిళ్లు ఎడమ అంచునే సాగాలి. కుడి పక్క కొండ, ఎడమ పక్క వందల మీటర్ల లోయ. ఫొటో కోసమో, నీళ్లు తాగడానికో ఆగి, ఆదమరిచి ఎడమకు దిగితే కాలు మోపడానికి నేల ఉండకపోవచ్చు.

లా కుంబ్రే ఎత్తు సుమారు 4,650 మీటర్లు. రాజధాని హోదాను సూక్రేతో పంచుకునే లాపాజ్ నగరం నుంచి గంటలోపు ప్రయాణం. ఎండాకాలంలోనూ వేళ్లు కొంకర్లు పోయే చలి, గడ్డి పరకలు తప్ప చెట్టన్నది కనిపించని నేల. అక్కడ మొదలైన సైకిల్ అరవై కిలోమీటర్ల పైచిలుకు దిగి, సుమారు 1,200 మీటర్ల ఎత్తులోని యోలోసా చేరేసరికి చుట్టూ అరటి తోటలు, ఉక్కపోత, దోమలు. పొద్దున వేసుకున్న నాలుగు పొరల ఉన్ని బట్టలు మధ్యాహ్నానికి ఒక్కొక్కటే వెనక వచ్చే వ్యాన్‌లోకి చేరిపోతాయి.

ఈ దిగుడు సైకిళ్ల కోసం పుట్టింది కాదు. లా కుంబ్రే నుంచే ఇంకొక బాట కిందికి పోతుంది, దాని పేరు చోరో. స్పానిష్ వాళ్లు రాకముందు పరిచిన రాళ్లు అందులో ఇప్పటికీ చాలా చోట్ల చెక్కుచెదరలేదు. అది కాలినడక బాట. చక్రాన్ని రవాణాకు వాడని సమాజం కట్టింది కాబట్టి, నిట్టనిలువు చోట మెలికలు తిప్పకుండా మెట్లే వేసింది. పైన చలి దేశంలో బంగాళాదుంప, ఉన్ని, ఎండబెట్టిన మాంసం. కింద యుంగాస్ లోయల్లో కోకా ఆకు, పళ్లు, మిరప. రెండు చోట్ల మనుషులకూ ఒకరి పంట ఒకరికి కావాలి. స్పానిష్ పాలనలో ఈ బేరం మరింత పెరిగింది. పొటోసీ వెండి గనుల్లో ఆకలి, అలసట తెలియకుండా పనిచేయడానికి కూలీలు బుగ్గన పెట్టుకునే కోకా మూటలు లామాల మీద, కంచరగాడిదల మీద కొండెక్కేవి. యుంగాస్ తోటల్లోకి బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్ల వారసులు కొరోయికో ఊరి దగ్గర తొకాన్యాలో ఈనాటికీ ఉన్నారు.

మోటారు రోడ్డు 1930లలో వచ్చింది. ఎవరు తవ్వారన్నదే దాని చరిత్రలో అన్నిటికన్నా చేదు భాగం. 1932 నుంచి 1935 వరకు చాకో అనే ఎండు మైదానం కోసం బొలీవియా, పరాగ్వే కొట్టుకున్నాయి. యుద్ధంలో ఓడింది బొలీవియానే. అయినా దాని చేతికి చిక్కిన పరాగ్వే సైనికులు సుమారు రెండున్నర వేల మంది. వాళ్లలో చాలామందిని రోడ్ల పనికి పెట్టారు. బల్లపరుపు నేలలో, వేడిలో పెరిగిన కుర్రాళ్లు మంచుకొండ అంచున రాయి పగలగొట్టారు. ఈ రోజు హెల్మెట్లు పెట్టుకుని ఆ మలుపుల్లో కేరింతలు కొట్టే వాళ్లకు గైడు చెప్పే కథల్లో ఈ బందీలకు ఒకటి రెండు వాక్యాలు దక్కితే గొప్ప.

తయారైన రోడ్డు వెడల్పు చాలా చోట్ల మూడు మీటర్లు మించదు. దాని మీదే రెండు వైపుల బస్సులు, లారీలు నడవాలి. అందుకే దానికంటూ ఒక సొంత నియమం ఏర్పడింది. బొలీవియా అంతటా బండ్లు కుడివైపు నడుస్తాయి, ఇక్కడ మాత్రం ఎడమవైపు. డ్రైవరు కూర్చునేది ఎడమ సీట్లో. దిగే బండి ఎడమన, అంటే లోయ అంచున పోతే, కిటికీలోంచి తల బయటపెట్టి తన చక్రం అంచుకు ఎన్ని అంగుళాల దూరంలో ఉందో కళ్లారా చూసుకోవచ్చు. ఎక్కే బండి కొండను ఒరుసుకుంటూ వస్తుంది. ఎదురుపడితే దారి ఎక్కేవాడిదే. బరువుతో ఎక్కుతున్న లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం కనుక, దిగేవాడే కాస్త వెడల్పున్న చోటు దాకా వెనక్కి పోవాలి. మలుపు అవతల ఏముందో కనపడదు కాబట్టి కొందరు అక్కడే నిలబడి, ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో బండ్లకు సైగ చేసేవారు. వాళ్లకు జీతం లేదు. డ్రైవర్లు విసిరిన చిల్లరే ఆదాయం.

పైన కనుమ దగ్గర డ్రైవర్లు ఆగి, చక్రాల మీద, నేల మీద నాలుగు చుక్కల సారా చల్లి భూమాత పచమామకు మొక్కుకునేవారు. ఈ కొండల్లోని ఐమారా జనం ఇళ్లలో, పొలాల్లో జరిగే ఆచారమే రోడ్డు మీదికీ వచ్చింది.

మొక్కులు ఎన్ని మొక్కినా రోడ్డు మనుషుల్ని మింగడం మానలేదు. 1983 జూలై 24న ఒక బస్సు లోయలో పడి వంద మందికి పైగా పోయారు. బొలీవియా రోడ్ల మీద అంతటి ప్రమాదం అదివరకు లేదు. వానాకాలం మట్టి కరిగి అంచు జారిపోయేది, పొగమంచులో ముందున్న లారీ వెనక దీపం కూడా కనిపించేది కాదు. అన్ని చావులూ ప్రమాదాలు కావు. 1944 నవంబరులో అధ్యక్షుడు విల్యార్రొయెల్ ప్రభుత్వానికి ఎదురు నిలిచిన నాయకులు కొందరిని ఈ రోడ్డు మీది చుస్పిపాటా దగ్గర చంపి కొండ మీంచి తోసేశారు. రెండేళ్లు తిరక్కముందే, 1946 జూలైలో, లాపాజ్ నడిబొడ్డున జనం ఆ అధ్యక్షుణ్ణి చంపి దీపస్తంభానికి వేలాడదీశారు.

1995లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ దీన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రోడ్డు అని తేల్చింది. కొత్త రోడ్డుకు డబ్బు ఎందుకు పెట్టాలో చెప్పడానికి పనికొచ్చే మాట అది. వేరే పనికి వాడుకోవచ్చని పసిగట్టిన వాళ్లు ఇంకొందరు. 1998 నాటికి లాపాజ్‌లో విదేశీ యాత్రికులను సైకిళ్ల మీద ఈ దారిలో దింపే వ్యాపారం మొదలైంది. ఈ దారికి పడ్డ పేరుతో, ‘చావు రోడ్డు’ దిగి వచ్చామని రాసి ఉన్న టీషర్టు ఆ టికెట్టుకు కొసరు. నాలుగు ఇళ్ల అవతల ఎవరో కొడుకును పోగొట్టుకున్న రోడ్డు పేరు అలా ఛాతీల మీద అచ్చు కావడం మర్యాదగా లేదు. కానీ గిరాకీ తెచ్చింది ఆ పేరే, కొండ అందం కాదు. అంతకు తక్కువ అందం లేని దారులు ఆండీస్ నిండా ఉన్నాయి.

ఆ వ్యాపారం అంతకు ఇరవై ఏళ్ల ముందు సాగేది కాదు. మౌంటెన్ సైకిల్‌కు పుట్టిల్లు కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ. అక్కడ 1976లో మొదలైన ఒక పందెంలో, పాత సైకిళ్ల మీద సుమారు నాలుగు వందల మీటర్ల ఎత్తు దిగేసరికి వెనక చక్రం బ్రేకులోని గ్రీజు కాలి పొగలు కక్కేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సిందే. యుంగాస్ దిగుడు దానికి ఎనిమిది రెట్లకు పైనే. రెండు చక్రాలకూ కుదుపు తగ్గించే స్ప్రింగులు, ఒక్క వేలితో నొక్కితే పట్టే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు 1990లలో అందుబాటులోకి వచ్చాకే మామూలు యాత్రికుడు ఈ దారి దిగి బతికి బట్టకట్టడం వీలైంది. బ్రేకు ఎంత బాగున్నా గంటల తరబడి నొక్కితే ముంజేయి బిగుసుకుపోతుంది. అందుకే ఒక గైడు ముందు, ఒకడు వెనక ఉండి, కొద్ది కిలోమీటర్లకోసారి అందరినీ ఆపి, బ్రేకు బిళ్లల మందం చూస్తారు.

ఈ గైడ్లు సైకిల్ పాఠం ఎక్కడినుంచి తెచ్చుకున్నా, రోడ్డు పాఠం మాత్రం లారీ డ్రైవర్ల దగ్గర నేర్చిందే. ఎడమ అంచు, ఎక్కేవాడికి దారి, కనుమ మీద పచమామకు సారా, అన్నీ వాళ్ల సొత్తు. ఇప్పుడు ముందు చక్రం టైరు మీద చుక్క చల్లి, నేల మీద చుక్క పోసి, మిగిలింది పెదాలకు తాకించుకోమంటారు. తొంభై ఆరు శాతం ఆల్కహాలు అది, నాలుక కాలుతుంది.

2006 చివర్లో ఎదుటి కొండ పక్కగా కొత్త తారు రోడ్డు తెరుచుకుంది. పూర్తవడానికి ఇరవై ఏళ్ల దాకా పట్టిన రోడ్డది. బస్సులు, లారీలు అటు మళ్లాయి. జెండాల వాళ్లకు చిల్లర విసిరే బండ్లు పోయాయి. సారా చల్లే డ్రైవర్లూ తగ్గారు. పాత రోడ్డు దాదాపుగా సైకిళ్ల చేతికి వచ్చింది, ప్రాణాపాయం మాత్రం పూర్తిగా పోలేదు. 1998 నుంచి కనీసం పద్దెనిమిది మంది సైకిల్ యాత్రికులు ఇక్కడ చనిపోయారు. లారీ ఎదురొస్తుందన్న భయం లేకపోవడం వేగం పెంచుతుంది, వేగమే మలుపులో కొంప ముంచుతుంది.

లారీలు పూర్తిగా సెలవు తీసుకోలేదు. నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వానలకు కొత్త రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతే, పళ్ల లోడుతో, కోకా మూటలతో అవి మళ్లీ పాత దారే పడతాయి.