వనభోజనం: ఏ విభక్తి?

సూరత్‌లో మేముండే లింబాయత్‌లో సాంచాల చప్పుడు దీపావళికి ఆగుతుంది. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు, సిరిసిల్లలోనూ అదే మాట. గుజరాతీలకూ మనకూ నెల అమావాస్య మర్నాడే మొదలవుతుంది కాబట్టి వాళ్ల కొత్త సంవత్సరం, మన కార్తీకం ఒకే పొద్దున వస్తాయి. ఆ నెలలో ఒక ఆదివారం మా వీధివాళ్లం బస్సు మాట్లాడుకుని డాంగ్ అడవుల్లో, పూర్ణా నది ఒడ్డునున్న మహాల్‌కు వనభోజనాలకు వెళ్తాం.

బస్సు డ్రైవరు దాన్ని ‘ఉజాణీ’ అంటాడు. ఆ మాట వెనకున్నది మనకు తెలిసిన ఉద్యానమే. ఉత్, యానం: ఇల్లు విడిచి బయటికి పోవడం. అలా పోయే చోటు కాబట్టే తోటకు ఆ పేరు. ప్రాకృతంలో ‘ద్య’ కాస్తా ‘జ్జ’ అయింది. మన పల్లెల్లో ఉద్యోగం ఉజ్జోగం కాలేదూ, పాత తెలుగులో వైద్యుడు వెజ్జు కాలేదూ, అలాగే. గుజరాతీ పోవడాన్ని పట్టుకుంది, తెలుగు తినడాన్ని పట్టుకుంది. నాకు మన మాటే ఇష్టం. ఉసిరి చెట్టు మొదట్లో నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ నీడలోనే విస్తళ్లు వేసుకునే పనికి అంతకంటే తగిన పేరు లేదు.

వనభోజనానికి విగ్రహవాక్యం చెప్పమంటే బళ్లో ‘అందున్, నన్’ వల్లించిన ఎవరైనా తడుముకోకుండా చెబుతారు: వనమునందు భోజనము, సప్తమీ తత్పురుషం. నేనూ అదే అనుకున్నాను.

మహాల్‌లో ఒకామె మూడు రాళ్ల పొయ్యి మీద మట్టి పెనం పెట్టి నాగలీ రొట్టెలు చేస్తోంది. నాగలీ అంటే మన రాగులే. తడిచేత్తో ముద్దను తట్టి తట్టి పెనంమీద వేస్తే అంచు దగ్గర సన్నగా పగిలేది, ఆ పగులును వేలితో అద్దేది. పక్కన గాజు సీసాలో లేత వెదురు మొలకల ఊరగాయ. మా పులిహోర గిన్నెలు చూసి ఎందుకొచ్చారని అడిగింది. ‘జంగల్‌మాం జమవా’ అన్నాను, అడవిలో తినడానికని. ఈ వెదురు ఎక్కడిదని నేనడిగితే ‘జంగల్‌థీ’ అంది. అడవి నుంచి.

మాం, థీ. గుజరాతీలో ఒకటి సప్తమి, ఒకటి పంచమి. మాది వనమునందు భోజనం, ఆమెది వనము వలన భోజనం. సమాసం ఒకటే, విప్పితే రెండు బతుకులు.

ఈ ‘వలన’కు ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. డాంగ్ టేకు కోసం ఈస్టిండియా కంపెనీవాళ్లు 1842లో భిల్లు రాజుల దగ్గర అడవులు కౌలుకు తీసుకున్నారు. ఓడలకు ఆ కర్ర కావాలి. టేకు మన మాటే, మలయాళంలో తేక్కు. పోర్చుగీసు నోట పడి ఇంగ్లీషుకు చేరింది. గుజరాతీలు మాత్రం సాగ్ అంటారు. డాంగ్ అంచునున్న వఘయీ నుంచి బిలిమోరాకు 1913లో గాయక్వాడ్ సంస్థానం వేసిన చిన్న రైలుదారి కూడా కర్ర మోసిందే. ఆ కౌలు నడిచిన దారినే ఇప్పటికీ ఏటా హోలీ ముందు అహ్వాలో డాంగ్ దర్బారు జరుగుతుంది, భిల్లు రాజుల వారసులకు ప్రభుత్వం పింఛను ఇస్తుంది. అడవి వలన వచ్చే కూడు ఆమెకు రొట్టె, వాళ్లకు పింఛను, ఎవరికో ఓడ.

దక్షిణాన వాంసదా అడవి 1979లో నేషనల్ పార్క్ అయింది. తెలుగులో దాన్ని జాతీయ ఉద్యానవనం అంటాం. బయటికి పోవడమూ, వనమూ, రెండూ ఆ పేరులో ఉన్నాయి. భోజనం లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి చోట అనుమతి లేనిదే అడవి సరుకేదీ తీసుకోకూడదు, పశువుల్ని మేపకూడదు. అడవి మిగలాలంటే కట్టడి ఉండాలని నేనూ నమ్ముతాను. కానీ ఆ చట్టం ‘మాం’ను ఉంచి ‘థీ’ని కొట్టేసింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, ఉసిరి వంటివి ఏరుకునే హక్కును గుర్తించి ఆ ప్రత్యయాన్ని కొంత తిరిగి రాసింది. ఆలస్యంగానైనా రాసినందుకు నాకు సంతోషం.

బయల్దేరేటప్పుడు ఆమె దగ్గర ఒక దోసెడు అడవి ఉసిరికాయలు కొన్నాను. గోలీలంత చిన్నవి, కొరికితే పళ్లు పులిసిపోయాయి. రాత్రి మెట్లెక్కుతుంటే పక్కింటి పెద్దావిడ సంచీలోకి తొంగిచూసి ‘క్యాంథీ?’ అన్నారు, ఎక్కణ్ణుంచీ అని.

‘జంగల్‌థీ’ అన్నాను.