కుప్పం పక్క కొండల మీంచి చూసిన యురేనస్ వలయం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి చూస్తున్నవాళ్లకి ఈ ఎపిసోడ్ కొంచెం స్పెషల్.

'ఎలీట్ డేంజరస్' లాంటి స్పేస్ గేమ్ ఆడేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. ఒక చిన్న చందమామ మీద షిప్ దించుతాం. తలెత్తితే ఆకాశం నిండా పెద్ద గ్రహం, దాని చుట్టూ వలయాలు. వెంటనే స్క్రీన్‌షాట్! కానీ శనికి తప్ప ఇంకో గ్రహానికి వలయాలు ఉన్నాయని 1977 దాకా రుజువే లేదు. ఆ రుజువు దొరికిన రాత్రి మన కుప్పానికి దగ్గర్లోనే కొందరు మేలుకుని ఉన్నారు.

కుప్పానికి తూర్పున, తమిళనాడులో జవ్వాది కొండలు ఉన్నాయి. అక్కడే కావలూరు అబ్జర్వేటరీ. మ్యాప్ మీద నేరుగా గీత గీస్తే కుప్పం నుంచి 60 కిలోమీటర్ల లోపే. ఆ చోటుని ఎంచుకున్నది వేణు బప్పు. ఆయన పెరిగింది మన హైదరాబాద్‌లో, వాళ్ల నాన్న పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో. కావలూరులో 1968లో చిన్న టెలిస్కోప్‌తో పని మొదలైంది. 1972లో మీటరు వెడల్పు అద్దం ఉన్న పెద్దది వచ్చింది.

యురేనస్ చాలా దూరం. ఇంత టెలిస్కోప్‌లో కూడా చిన్న చుక్కే. మరి దాని పక్కన ఏముందో ఎలా తెలుస్తుంది? చీకట్లో దూరంగా వీధిలైటు ముందు నుంచి ఎవరో నడిచారనుకోండి. మనిషి కనపడడు, లైటు మాత్రం ఒక్క క్షణం మరుగై మళ్లీ కనిపిస్తుంది. అదే ట్రిక్కు. యురేనస్ ఒక నక్షత్రం ముందుకి వచ్చేటప్పుడు ఆ నక్షత్రం వెలుగుని కొలుస్తూ కూర్చోవాలి.

1977 మార్చి 10 రాత్రి జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి అదే చేశారు. గ్రహం ఇంకా దూరంగా ఉండగానే నక్షత్రం వెలుగు కొన్ని సెకన్లు పడిపోయి మళ్లీ లేచింది. మధ్యలో ఏదో అడ్డొచ్చింది! ఏమై ఉంటుంది? యురేనస్‌కి కొత్త చందమామ దొరికిందని వాళ్లు అనుకున్నారు.

అదే రాత్రి హిందూ మహాసముద్రం మీద నాసా విమానం ఒకటి ఎగురుతోంది. అందులో టెలిస్కోప్, జేమ్స్ ఎలియట్ బృందం. వాళ్లకి గ్రహానికి ఇటు ఐదు సార్లు, అటు ఐదు సార్లు వెలుగు తగ్గింది. రెండు వైపులా లెక్క సరిపోయింది. చందమామలైతే అలా జోడీగా రావు కదా. అవి వలయాలు. కావలూరులో అడ్డొచ్చింది కూడా వలయమే.

ఆ ఏడాది 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు పేపర్లూ వచ్చాయి. ఒకటి వలయాలు అంటే, ఇంకోటి కొత్త ఉపగ్రహం అంది. కావలూరువాళ్లు పంతానికి పోలేదు. తమ రికార్డులనే మళ్లీ జల్లెడ పట్టారు. అదే ఏడాది చివర్లో భట్టాచార్య, బప్పు కలిసి అదే పత్రికలో యురేనస్ వలయాల గురించి రాశారు. పేరు ముందు ఎవరికి వచ్చిందన్నదాని కంటే నాకు ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది. కొలత నిజాయితీగా ఉంది కాబట్టే, దాని అర్థం మారినా ఆ రాత్రి కష్టం వృథా కాలేదు.

ఇంకో తమాషా వినండి. 1986లో వాయేజర్ 2 అక్కడికి వెళ్లింది. కావలూరు అంచున చూసిన ఆ బయటి వలయానికి, అంటే ఎప్సిలాన్‌కి, చెరో పక్కన ఒక బుల్లి చందమామ దొరికింది. లోపల కార్డీలియా, బయట ఒఫీలియా. ఒక్కోటి సుమారు 40 కిలోమీటర్లు. అంటే పుంగనూరు నుంచి మదనపల్లె దాటి కాస్త పోయినంత, అంతే! మందని కాసే కాపరుల్లా అవి ఆ వలయాన్ని చెదిరిపోకుండా పట్టి ఉంచుతున్నాయి.

గేమ్‌లో చూసే ఆ సీన్ అక్కడ నిజంగానే ఉంది. ఆ వలయం వేసిన నీడని ముందుగా పట్టుకున్నవాళ్లలో మన పక్క కొండల మీది వాళ్లూ ఉన్నారు. ఈసారి షిప్ దించినప్పుడు ఆ మాట గుర్తు చేసుకోండి. మళ్లీ కలుద్దాం.