రెండు గోరీలు, ఒక పాట

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... రిపోర్టింగ్ కోసం ఎక్కడికి పోయినా, తెలంగాణ జల్సాల్లో ఒక పాట తప్పక వినేవాణ్ని. ‘బండెనుక బండి కట్టి’. నిజాముకు గోరీ కడతామనే మాట రాగానే ఒకరిద్దరు నా దిక్కు చూసేవాళ్లు. ఒకసారి పక్కనున్నాయన నవ్వుతూ, “ఏం భాయ్, మీ నిజామేనా?” అన్నాడు. నేనూ నవ్వాను. జవాబు గొంతులోనే ఉండిపోయింది.

దోస్తులారా, ఆ జవాబు ఈ పాట తారీఖ్‌లోనే ఉంది.

రైతాంగ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట ఇది. దీన్ని ఇంటింటికీ చేర్చింది 1979 నాటి ‘మాభూమి’ సినిమా. అప్పటి న్యూవేవ్ సినిమాల్లో తెలుగువాళ్ల హిస్సా అది. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ. కథకు బునియాద్ కిషన్ చందర్ ఉర్దూ నావెల్ ‘జబ్ ఖేత్ జాగే’. ఉరికి ముందు రాత్రి ఒక తెలుగు రైతుబిడ్డ తన జిందగీని యాద్ చేసుకునే కథ. రాసినాయన హిందువు, రాసిన జబాన్ ఉర్దూ.

పాటల్లో జరిగిన తజ్రుబా ఇంకా గొప్పది. సంగీతం వింజమూరి సీత, నాగభూషణం. సీతమ్మ కోస్తా బిడ్డ, జానపదమే ప్రాణంగా బతికిన మనిషి. సినిమా కోసం డ్యూయెట్లు కట్టలేదు. జుల్మ్ అనుభవించిన జనం పాడుకున్నవే తెచ్చారు. పశువులు కాసే జీతగాడి మీద సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ సంధ్య గొంతులో వింటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి. యాదగిరి పాటకైతే గద్దర్ స్వయంగా తెరమీదికొచ్చి ఆడాడు, పాడాడు. నిజామును తిట్టే ఆ పాటలోని ఖిల్లా, సర్కారు, గోరీ ఎక్కడివి? మా ఇంట్లో మాట్లాడుకునే మాటలే.

ఇక అసలు హకీకత్. ఆ పోరాటానికి ముందే నేలరాలిన రైతు షేక్ బందగీ. మా జనగామ ఇలాకాలోని కామారెడ్డిగూడెం ఆయనది. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కోర్టుకెక్కాడు. 1940 జూలై 27న దేశ్‌ముఖ్ గూండాలు ఆయన్ను నరికి చంపారు. జాలిమ్ పేరు రామచంద్రారెడ్డి, మజ్లూమ్ పేరు బందగీ. ఇందులో మజహబ్‌ను ఎక్కడ వెతుకుతారు?

పాటలో అన్నట్టు నిజాముకు గోల్కొండ కింద గోరీ పడలేదు. 1967లో చనిపోయిన ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్ కింగ్ కోఠీలో, మస్జిదె జూదీలో పడుకున్నాడు. బందగీ గోరీ మాత్రం జనగామ, సూర్యాపేట రోడ్డు పక్కనే ఉంది.

ఇప్పుడెవరైనా “మీ నిజామేనా?” అంటే నా దగ్గర జవాబుంది. “కాదన్నా, మాది బందగీ.”