ఆత్మకూరు ప్రాంత క్రైస్తవ కుటుంబములు: ఇంటిపేర్లు, బాప్తిస్మపు పేర్లు

ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఒక క్రైస్తవ కుటుంబము తన వంశవృక్షమును వ్రాయబూనినపుడు సాధారణముగా మూడు నాలుగు తరముల వద్ద దారి ఆగిపోవుచున్నది. ఆ ఆటంకమునకు గల కారణములను ఈ వ్యాసములో పరిశీలింపదలచాము.

పోలికకు ఒక దూరదేశమును చూద్దాము. ఫ్రెంచివారు 17వ శతాబ్దిలో కెనడాలో స్థిరపడినప్పుడు బాప్తిస్మము, వివాహము, సమాధి అను మూడింటిని సంఘ గురువులు వ్రాసి ఉంచారు. నకలు ప్రభుత్వమునకు చేరేది. స్త్రీని వివాహము తరువాత కూడా పుట్టింటి పేరుతోనే నమోదు చేశారు. ఒక్కొక్క కుటుంబమునకు 'దీ', అనగా 'అనబడు' అను మాటతో మారుపేరు ఉండేది. 'హ్యుదోన్ దీ బోలియో' అను ఒకే కుటుంబపు సంతతిలో కొందరు హ్యుదోన్‌లు, కొందరు బోలియోలు అయ్యారు. ఈ రిజిష్టర్ల ఆధారముగానే తాంగే అను గురువు 1871-1890 మధ్య ఏడు సంపుటముల వంశనిఘంటువును ప్రచురించగలిగాడు.

మన ప్రాంతములో మారుపేరు కాదు, అసలు పేరే మారింది. మనుమనికి తాత పేరు, మనుమరాలికి అవ్వ పేరు పెట్టుట మనవారి ఆచారము. మద్దిలేటి, ఓబులేసు, సుంకన్న, మహానందయ్య, దస్తగిరి, హుసేనమ్మ అను పేర్లు ఇక్కడి క్షేత్రములను, గ్రామదేవతలను, పీర్లను తలపించేవి. బాప్తిస్మముతో ఇవి యేసేపు, దానియేలు, దేవదానము, సంతోషమ్మ, కరుణమ్మ అయ్యాయి. తాత పేరు మనుమనికి తిరిగి రావలసిన చోట బైబిలు పేరు వచ్చి, ఆ గొలుసు తెగింది. విశ్వాసపరముగా ఆ మార్పునకున్న విలువను మేము తక్కువ చేయుట లేదు. అయితే పాత పేరును పక్కన వ్రాసి ఉంచని చోట కలిగిన నష్టము చిన్నది కాదు.

రికార్డులను వెదకువారు పాలనా సరిహద్దులను కూడ గుర్తుంచుకోవాలి. ఆత్మకూరు 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండగా, కోవెలకుంట్ల, కంభం ప్రాంతములు 1858 వరకు కడప జిల్లాలో ఉన్నాయి. కంభం, గిద్దలూరు ప్రాంతములు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. ఆత్మకూరు 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. సంఘ పాలన సంగతీ అంతే. నంద్యాల ఎస్.పి.జి. సంఘములు మద్రాసు బిషప్పు క్రింద, తరువాత దోర్నకల్ బిషప్పు క్రింద ఉండి, 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరలేదు. 1963లో నంద్యాల డయోసీస్ ఏర్పడింది. (అమెరికన్ బాప్టిస్టు నివేదికలలో కనబడు ఆత్మకూరు నెల్లూరు జిల్లాలోనిది. విద్యార్థులు ఇక్కడ తేలికగా పొరబడతారు.)

మా దృష్టిలో బాప్తిస్మపు రిజిష్టరు కంటె వివాహ రిజిష్టరుతో ఆరంభించుట మేలు. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టము తండ్రి పేరు వ్రాయమంటుంది, నమోదుల నకళ్లను పై అధికారులకు పంపమంటుంది. సంఘములోని రిజిష్టరును చెదలు తిన్నా, నకలు మరొక చోట మిగిలియుండుటకు అవకాశమున్నది. పైగా మనవారు ఒకే ఇంటిపేరు గలవారికి పెండ్లి చేయరు. వావి వరుసలు చూచుటకు ఇంటిపేరును తప్పక అడుగుతారు. వ్యక్తి పేరు మారినను ఇంటిపేరు నిలిచినది ఇందువల్లనే. స్త్రీ విషయములో మాత్రము పెండ్లితో పుట్టింటి ఇంటిపేరు పోతుంది. తల్లివైపు వంశమును వెదకువారికి ఆమె తండ్రి పేరు తప్ప వేరే ఆధారము తరచు దొరకదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత ఈ చిక్కు మరింత పెరిగింది. క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులముల హోదా లేదు. మన రాష్ట్రములో అతడు బి.సి.-సి వర్గములోనికి వస్తాడు. అందుచేత బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు గలవారు అనేకులు ఉన్నారు. సుంకన్న, శామ్యూలు ఒక్కరేనని ఈనాడు ఎరిగినవారు ఆ ఇంటి ముసలివారు మాత్రమే. వారు బ్రతికియుండగానే ఆ రెండు పేర్లను, ఇంటిపేరును, తల్లి పుట్టింటి పేరును సంఘకాపరి ఒక పుస్తకములో వ్రాసికొనవచ్చును. అట్టి పుస్తకమును బయటివారికి చూపుట ఆ కుటుంబపు అనుమతి మీదనే ఆధారపడాలి.