బండి సుంకం నుంచి కాలిబాట దాకా: అనకాపల్లి వీధి అంచు చరిత్ర

శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి మోటారు వాహనం పుట్టకముందే రూపు దిద్దుకున్న ఊరు కాబట్టి, నడిచేవారి కోసం అక్కడ ఎవరూ ప్రత్యేకంగా ప్రణాళిక వేయకపోయినా, దాని పాత వీధుల వెడల్పు మనిషి అడుగుకూ ఎడ్ల బండికీ సరిపోయే కొలతలో ఏర్పడింది. ఊరికి సమీపంలోని శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండల మీది బౌద్ధ గుహాలయాలూ రాతిలో తొలిచిన స్తూపాలూ ఈ ప్రాంతపు రాకపోకలు ఎంత పాతవో చూపిస్తాయి గానీ, నేటి పట్టణపు వీధులను అర్థం చేసుకోవాలంటే అంత వెనక్కి వెళ్లనక్కర లేదు. బెల్లం, ట్రంకు రోడ్డు, రైలు, పురపాలక సంఘం అనే నాలుగింటి కథ చాలు.

మద్రాసును కలకత్తాతో కలిపిన గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు అనకాపల్లి మీదుగానే సాగింది. కంకర పరచి, దిమ్మిసతోనో రోలరుతోనో అణచి గట్టిపరిచిన ఇటువంటి దారిని ఆనాటి ఇంజినీర్లు ‘మెటల్ రోడ్డు’ అనేవారు. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం వైపుల నుంచి వచ్చే దారులు ఈ రోడ్డును కలిసే చోట సంత పెరిగి, సంత చుట్టూ పేటలు పెరిగాయి. చెరకు ఆడి, రసం కాచి, దిమ్మలు కట్టిన బెల్లాన్ని రైతులు ఎడ్ల బండ్ల మీద తెచ్చేవారు. తూచేవారు, మోసే కళాసీలు, కొనే వర్తకులు, బండి తోలేవారు అందరూ ఒకే వీధిని పంచుకునేవారు. 1890లలో ఈస్ట్ కోస్ట్ రైల్వే వేసిన తీరపు లైను మీద స్టేషను ఏర్పడ్డాక బెల్లానికి దూరపు మార్కెట్లు దొరికాయి, దానితో స్టేషనుకూ బజారుకూ నడుమ బండ్ల రద్దీ పెరిగింది. 1913లో ఇక్కడే చెరకు పరిశోధనా కేంద్రం నెలకొన్నదంటే ఆ పంట ఈ ప్రాంతానికి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. అయినా ఆ రద్దీ నడిచేవాడిని వీధి నుంచి తరిమేది కాదు, ఎందుకంటే బరువెక్కిన ఎడ్ల బండి వేగం మనిషి నడకకు మించదు. దుమ్ము, పేడ, వానాకాలపు బురద అప్పటి ఫిర్యాదులే తప్ప వేగం ఫిర్యాదు కాదు.

ఆ వీధిలో కాలిబాట అనే పేరు లేకపోయినా దాని పని చేసిన నిర్మాణం ఒకటి ఉండేది, అదే అరుగు. ఇంటి ముందరి గోడను ఆనుకుని, నేల మట్టానికి కొంత ఎత్తున, ముందుకు చాచిన చూరు నీడలో కట్టిన ఈ వేదిక హక్కును బట్టి ఇంటివారిదే అయినా వాడుకను బట్టి సగం వీధిది: కావిడి దించి అలుపు తీర్చుకునేవారికి, ఎండవేళ నడిచిపోయేవారికి, బేరం కుదిరేదాకా కూర్చునే రైతులకు అది ఆసరా. సొంత ఆస్తికీ ప్రజల దారికీ నడుమ ఉన్న ఈ మెత్తని సరిహద్దును చట్టం ఏనాడూ సరిగా అర్థం చేసుకోలేదనే చెప్పాలి. పురపాలక చట్టాల దృష్టిలో వీధి హద్దు దాటిన ప్రతి మెట్టూ ప్రతి అరుగూ ఆక్రమణే. ఆ దృష్టిలో న్యాయం లేకపోలేదు గానీ, మురుగు కాలువ తవ్వడానికీ రోడ్డు వెడల్పు చేయడానికీ అరుగును తీసేసినప్పుడల్లా దానితోపాటు నీడ, కూర్చునే చోటు కూడా పోయాయి, వాటి స్థానంలో మరొకటి కట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

పురపాలక సంఘం ఇక్కడికి 1870ల రెండో సగంలో, మద్రాసు ప్రభుత్వం 1871లో చేసిన పట్టణాభివృద్ధి చట్టం అమల్లో ఉన్న రోజుల్లో వచ్చింది. ఆ చట్టమూ, తరువాత 1884, 1920 సంవత్సరాల్లో వచ్చిన జిల్లా మునిసిపాలిటీల చట్టాలూ వీధి దీపాలు, మురుగు కాలువలు, రోడ్ల మరమ్మతు వంటి పనులను సంఘాలకు అప్పగించి, వాటి ఖర్చుకు ఇంటి పన్నుతోపాటు బండ్ల మీద పన్నునూ, టోలునూ చూపించాయి. టోలు అంటే ఊరి పొలిమేరలో గేటు పెట్టి, లోపలికి వచ్చే బండికీ పశువుకూ వసూలు చేసే సుంకం. ఈ ఏర్పాటులోని తర్కం సూటిగానే ఉంది: రోడ్డును అరగదీసేది ఇనప పట్టా వేసిన బండి చక్రం కాబట్టి ఆ బండే రోడ్డు ఖర్చు భరించాలి, నెత్తిన గంప పెట్టుకుని నడిచే మనిషి ఏమీ చెల్లించనక్కర లేదు.

ఈ తర్కం 1931లో తలకిందులైంది. ఆ సంవత్సరం వచ్చిన మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం టోలు గేట్లను ఎత్తివేసి, మోటారు వాహనాల మీద ప్రాంతీయ ప్రభుత్వమే పన్ను వసూలు చేసి, టోళ్లు కోల్పోయిన స్థానిక సంస్థలకు అందులోంచి పరిహారం ఇచ్చే పద్ధతి తెచ్చింది. రైతుకు గేటు బాధ తప్పిన మాట నిజమే. కానీ రోడ్డు పైకం మోటారు నుంచి వస్తున్నప్పుడు రోడ్డు ఎవరి కోసం అన్న ప్రశ్నకు జవాబు కూడా నెమ్మదిగా అటే మొగ్గింది. తెలుగు పట్టణాల్లో నడిచేవాడు వీధి మధ్య నుంచి అంచుకు జరిగిన కథకు తొలి మలుపు కారు రాకలో కంటే ఈ పద్దుల పుస్తకంలో కనిపిస్తుంది.

సైకిలు కథ దీనికి భిన్నం. దిగుమతి వస్తువుగా ఉన్నంతకాలం అది ప్లీడర్లకూ ఉద్యోగులకూ పరిమితమైన హోదా. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాక అది పాలవాడికీ కూలికీ బడిపిల్లవాడికీ అందింది. కొనలేనివారికి గంట లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి. పురపాలక సంఘాలు సైకిలును కూడా పన్ను కట్టవలసిన బండిగానే చూసి, పన్ను కట్టినందుకు గుర్తుగా రేకు బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోయినా, రాత్రి దీపం లేకపోయినా జరిమానా పడేది. పన్ను కట్టించుకున్నన్నాళ్లూ సైకిలుకంటూ విడిగా గజం దారి ఇవ్వని వ్యవస్థ, ఆ పన్ను మరుగున పడ్డాక ఇస్తుందని ఆశించడం కష్టం.

ట్రంకు రోడ్డు స్వాతంత్ర్యం తరువాత అయిదో నంబరు జాతీయ రహదారి అయి, 2010 నాటి కొత్త లెక్కలో పదహారో నంబరు పొందింది. రహదారిని ఊరి పక్కకు తప్పించడం వల్లా, అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు రావడం వల్లా దూరపు లారీల బెడద కొంత తగ్గింది. అయితే అలా ఖాళీ అయిన చోటును మోటారు సైకిళ్లూ ఆటోలూ నింపాయి గానీ నడిచేవారికి అది దక్కలేదు. 2013లో పట్టణం మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసి, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కేంద్రమైంది; కచేరీలు పెరిగిన కొద్దీ నెహ్రూ చౌకు, రింగు రోడ్డు, పూడిమడక రోడ్డుల వంటి చోట్ల వాహనాలూ పెరిగాయి.

నేటి లెక్కల ప్రకారం కాలిబాటకు కావలసినది పెద్దదేమీ కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు నిర్ణయించే ఇంజినీర్ల సంస్థ, అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది. రెండు చక్రాల కుర్చీలు ఒకదానినొకటి దాటగల కొలత అది. ఆంధ్ర పట్టణాల్లో ఈ 1.8 మీటర్లు చాలాచోట్ల మురుగు కాలువ మీది సిమెంటు పలకల రూపంలో ఉన్నాయి, కాకపోతే ఒక పలక విరిగి, మరో పలక మీద ట్రాన్స్‌ఫార్మరో తోపుడు బండో నిలిచి ఉంటుంది. తోపుడు బండిని తొలగించడమే పరిష్కారమనే వాదన తేలికది గానీ సరైనది కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అమ్మకానికి స్థలాలు గుర్తించాలని చెబుతున్నది, పైగా సాయంత్రం వేళ వీధికి దీపమూ మనిషి సందడీ ఇచ్చేది ఆ బండే. పాత అరుగు లాగే అది కూడా సరిహద్దు మీద బతుకుతున్నది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచిపోతున్నవారే. 2025 మేలో సుప్రీంకోర్టు కాలిబాట వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసి, వికలాంగులు కూడా వాడుకోగల కాలిబాటల కోసం మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున సౌర ఫలకాల పైకప్పుతో సైకిలు దారి ప్రారంభమైంది. అది అందమైనదే గానీ వ్యాయామానికి తొక్కేవారిని దృష్టిలో పెట్టుకున్నది, పనికి తొక్కేవారికి కావలసినది బజారు వీధిలో మీటరున్నర చోటు.

అనకాపల్లిలో ఆ చోటు ఏడాదికొకసారి తనంత తానే ఏర్పడుతుంది. ఉగాదికి ముందు రోజైన కొత్త అమావాస్య నాడు మొదలై నెల పాటు సాగే నూకాంబిక జాతరకు గవరపాలెం దారులు జనంతో నిండిపోతాయి, ముఖ్యమైన రోజుల్లో వాహనాలను దూరంగానే ఆపుతారు, పందిళ్ల నీడలో పిల్లలూ ముసలివారూ వీధి నడిమధ్య నుంచే గుడికి నడుస్తారు. జాతర ముగిసి పందిళ్లు విప్పిన మర్నాడు ఆ నడిమి భాగం మళ్లీ మోటారు సైకిళ్ల వశమవుతుంది, నడిచేవారు కాలువ పలకల మీదికి ఎక్కుతారు.