కాన్‌స్ట్‌ఎక్స్‌పర్

సి ప్లస్ ప్లస్ రాసేవాళ్ల నోట నిత్యం నానే మాట ఇది. కాన్‌స్టెంట్, ఎక్స్‌ప్రెషన్ అనే రెండు మాటలను కుదించి అతికితే పుట్టింది. 2011 ప్రమాణంతో భాషలోకి వచ్చింది. రోజుకెన్ని సెకన్లో చెప్పే వేరియబుల్ ముందు ఈ మాట పెట్టి 24 × 60 × 60 అని రాస్తే, ఆ లెక్క కంపైలరే కట్టేస్తుంది; ప్రోగ్రాంకు నేరుగా 86,400 అందుతుంది.

2020 ప్రమాణం దీని పరిధిని పెంచింది. కంపైల్ అవుతుండగానే ‘న్యూ’తో మెమరీ అడగొచ్చు, వెక్టర్ నింపొచ్చు. షరతు ఒక్కటే: ఆ లెక్క ముగిసేలోగా తీసుకున్న మెమరీ అంతా వదిలేయాలి. అది కంపైలర్ అధీనంలోని మెమరీ. ప్రోగ్రాం నడిచేనాటికి ఆ చిరునామాలు చెల్లవు. వదలడం మరిచిపోతే కంపైలర్ ఎర్రర్ చూపి అక్కడే ఆపేస్తుంది. మామూలు కోడ్‌లో నెలల తరబడి దాగుండే మెమరీ లీక్ ఇక్కడ ప్రోగ్రాం తయారవకముందే పట్టుబడుతుంది.