ఆహోయా ఊళ్లో కాలిపర్ల కొట్టు

మెక్సికో పడమటి కొండల్లో, సినలోవా రాష్ట్రంలో ఆహోయా అనే పల్లె ఉంది. 1960లలో డేవిడ్ వెర్నర్ అనే అమెరికన్ టీచరు అక్కడికి చేరి, ఊరివాళ్లకే వైద్యం నేర్పడం మొదలుపెట్టాడు. 'డాక్టరు లేని చోట' పుస్తకం ఆ అనుభవంలోంచే పుట్టింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని తెలుగులోకీ తెచ్చింది.

ఆ ఊరికి మరో కథ ఉంది. అది మనలో చాలామందికి తెలియదు.

అప్పట్లో ఆ చుట్టుపక్కల పోలియో పిల్లలు ఎక్కువగా ఉండేవారు. బిడ్డ ఒళ్లు వెచ్చబడితే చాలు, సూది వేయించడం అక్కడి అలవాటుగా ఉండేది. మన పల్లెల్లో మాత్రం తక్కువా? ఒంట్లో పోలియో వైరస్ ఉన్న సమయంలో కండకు సూది గుచ్చితే, ఆ అవయవమే చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది. అప్పు చేసి మరీ చేయించిన వైద్యమే కొందరు పిల్లల కాళ్లు చచ్చుబడేలా చేసింది.

వైద్యం నేర్చుకున్న ఊరి కార్యకర్తల్లో కొందరు వికలాంగులే. 1981లో వాళ్లే ముందుండి వికలాంగ పిల్లల కోసం 'ప్రోహిమో' అనే కేంద్రం పెట్టారు. స్పానిష్‌లో ఆ మాటకు పొరుగువాడని అర్థం. దూరం నుంచి పిల్లల్ని తెచ్చిన కుటుంబాలకు ఊరివాళ్లు తమ ఇళ్లలోనే చోటిచ్చారు.

నడవలేని కాలికి ఊతమిచ్చే కాలిపర్లను ప్రోహిమో కొట్టులోనే చేసేవారు. అక్కడ పని ఇలా సాగేది. పిల్లవాడి కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి, గట్టిపడ్డాక కోసి తీస్తారు. ఆ డొల్లలో మళ్లీ ప్లాస్టర్ పోస్తే కాలి అచ్చు తయారు. దాని మీద వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకు పరిచి నొక్కి, చల్లారాక అంచులు నున్నగా చెక్కుతారు. ఇనప కాలిపర్ కంటే అది ఎంతో తేలిక.

వెర్నర్‌కూ పుట్టుకతో కండరాలు క్షీణించే జబ్బుంది. చిన్నప్పుడు డాక్టరు రాసిచ్చిన లోహపు సాధనాలతో నడక మరింత చెడింది. ఆయనకు సరిపడే ప్లాస్టిక్ బ్రేసులు చివరికి ఆహోయాలోనే తయారయ్యాయి. చేసినవాడూ పోలియో బాధితుడే. ఎక్కడ ఒరుసుకుంటోందో అడిగి, మళ్లీ మళ్లీ సరిచేశాడు. పట్నం నిపుణుడు అడగని ప్రశ్న అదే.

ఊరి పిల్లలు కర్రలతో, పాత టైర్లతో ఆటస్థలం కట్టడంలో చేయి వేశారు. అందులో వికలాంగ పిల్లలూ, మిగతా పిల్లలూ కలిసే ఆడుకున్నారు. ఇవన్నీ బొమ్మలతో సహా 1987లో 600 పేజీలు దాటిన పుస్తకమయ్యాయి.

తర్వాత ఆ కొండల్లో మత్తుమందుల ముఠాలు బలిశాయి. హత్యలు, కిడ్నాపులు పెరిగాక 1990ల చివర్లో ప్రోహిమో ఆహోయాను వదిలి కోయోతితాన్ అనే ఊరికి తరలిపోయింది.